దీపం ఉండగానే



ఉగాది నాడు మనం గుడి మండపంలో కూర్చుంటాం. వేపపువ్వు పచ్చడి రుచి ఇంకా నాలుక మీదే ఉంటుంది. పంతులుగారు పంచాంగం విప్పుతారు. మేషం మొదలు మీనం దాకా ఏ రాశికి ఆదాయం ఎంతో, వ్యయం ఎంతో చదువుతారు. మన రాశి వచ్చేసరికి చెవులు రిక్కిస్తాం. ఆదాయం ఎక్కువైతే ముఖం విప్పారుతుంది. వ్యయం ఎక్కువైతే మనసు బరువెక్కుతుంది. ఇంటికి వస్తాం, పులిహోర తింటాం, ఆ లెక్క మరిచిపోతాం.

రాశికి లెక్క విన్నాం. ఇంటికి లెక్క రాశామా? ఈ ఏడు ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత నిలిచింది, ఎవరికి ఎంత బాకీ ఉన్నాం? ఈ నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉన్న ఇళ్లు మన వీధిలో ఎన్ని?

మా పెదనాన్న కథ చెబుతాను. ఆయన బడిపంతులు. పొదుపరి. ఎవరి దగ్గరా చేయి చాచని మనిషి. ఒక తెల్లవారుజామున పక్షవాతంతో పడిపోయారు. ఆసుపత్రిలో నాలుగో రోజున బిల్లు కట్టమన్నారు. మా పెద్దమ్మ మారు మాట్లాడలేదు. సబ్బు నురగ రాసుకుని చేతి గాజులు నాలుగూ తీసింది. జేబురుమాలులో మూట కట్టి మా అన్నయ్య చేతిలో పెట్టింది. అవి తాకట్టుకు వెళ్లాయి. పెదనాన్న మాత్రం ఇంటికి రాలేదు.

పెద్దకర్మ అయ్యాక ట్రంకు పెట్టె తెరిచాం. పట్టుపంచె కింద ప్లాస్టిక్ కవరు. అందులో మూడు పాసుపుస్తకాలు, ఒక జీవిత బీమా బాండు, నాలుగు ప్రామిసరీ నోట్లు. ఆయన ఎప్పుడో పనిచేసిన ఊళ్లోని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఆసుపత్రి బిల్లుకు రెట్టింపు సొమ్ము అది. బీమాకు ప్రీమియం కట్టక మూడేళ్లయింది. నామినీ గడిలో ఉన్నది ఆయన తల్లి పేరు. ఆమె పోయి పన్నెండేళ్లు. నోట్లన్నిటికీ మూడేళ్ల గడువు దాటిపోయింది.

పెద్దమ్మ ఆ కాగితాల వంక చాలాసేపు చూసింది. "ఇవన్నీ ఉన్నాయని నాకు ఒక్క మాట చెప్పకూడదూ?" అంది. అంతే.

పెదనాన్న సంపాదించడంలో తప్పలేదు. దాచడంలో తప్పలేదు. చెప్పడంలో తప్పారు, సర్దడంలో తప్పారు. రేపు చూద్దాం అనుకున్నారు. అందరమూ అలాగే అనుకుంటున్నాం. 2024 మార్చి నాటికి బ్యాంకుల్లో పదేళ్లుగా ఎవరూ అడగక రిజర్వు బ్యాంకు నిధికి చేరిన డిపాజిట్లు 78,213 కోట్ల రూపాయలు. ఆ అంకె వెనుక ఎన్ని ట్రంకు పెట్టెలు ఉన్నాయో, ఎందరు పెద్దమ్మలు ఉన్నారో మనసు పెట్టి ఆలోచించండి.

దేవఋణం, ఋషిఋణం, పితృఋణం తలమీద మోస్తూ పుట్టినవాడే మనిషి అని మన పెద్దలు చెప్పారు. తీర్చడమే గృహస్థు పని అన్నారు. ఆ మాటను ఈనాటి జీతం రోజుకు అన్వయించుకుందాం. ఒకటో తారీఖున ఖాతాలో పడే సొమ్ములో కొంత మన తల్లిదండ్రుల మందులది. కొంత మన పిల్లల చదువులది. కొంత, జీతం ఆగిపోయిన తర్వాత ముప్పై ఏళ్లు బతకవలసిన ఆ ముసలి దంపతులది. ఆ ముసలివాళ్లం మనమే. వాళ్లందరి సొమ్మూ మన చేతికి వచ్చింది. మనం దానికి ధర్మకర్తలం. ధర్మకర్త ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టడు. లెక్క లేకుండా ఉంచడు. తాళంచెవి ఎక్కడుందో చెప్పకుండా వెళ్లిపోడు.

ఇది చేతకాని పని అనకండి. మనకంటే ఎంతో తక్కువ ఉన్నవాళ్లు ఎప్పుడో చేసి చూపించారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం ముందు నిలబడ్డారు. ఆ నిప్పు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారాపై నిషేధం వచ్చింది. సారాకు పోయే రూపాయి ఇంట్లో మిగిలింది. ఆ రూపాయిని ఆ తల్లులు ఏం చేశారు? రోజుకొక్క రూపాయి చొప్పున పొదుపు చేశారు. పోపుల డబ్బాలో దాచలేదు. పదిమందీ వలయంగా కూర్చుని, పేరు పేరునా పిలిచి, పుస్తకంలో రాసి దాచారు. పొదుపు సంఘాలు అలా వేళ్లూనుకున్నాయి. ఈనాడు తెలుగు నేల మీద పొదుపు సంఘం లేని ఊరు వెతికినా దొరకదు.

ఆ సంఘాలకు పంచసూత్రాలు ఉన్నాయి. క్రమం తప్పని సమావేశం. క్రమం తప్పని పొదుపు. విచారించి ఇచ్చే అప్పు. గడువులో తిరిగి కట్టడం. పుస్తకాలు సరిగా రాయడం. చదువురాని తల్లులు వేలిముద్ర వేసి పాటించిన నియమాలు ఇవి. డిగ్రీలు చదివిన మనం వాటిని మన ఇళ్లలోకి తెచ్చుకుందాం.

మొదటిది సమావేశం. నెలకు ఒక ఆదివారం ఇల్లంతా కూర్చోవాలి. భార్య ఉండాలి, భర్త ఉండాలి, ఎదిగిన పిల్లలు ఉండాలి, అమ్మానాన్నలు ఉండాలి. టీవీ ఆపండి. ఫోన్లు పక్కన పెట్టండి. జీతం ఎంతో చెప్పండి. అప్పు ఎంతో చెప్పండి. "ఆమెకు ఇవన్నీ తెలియవు" అనకండి. ఇంటి బియ్యం ఎన్నాళ్లు వస్తాయో చూసి చెప్పగల మనిషికి ఇంటి డబ్బు ఎన్నాళ్లు వస్తుందో తెలియకపోవడం ఏమిటి? మనం చెప్పలేదు గనుక తెలియదు. అమ్మా, అక్కా, మీకూ ఒక మాట. "ఆయన చూసుకుంటారు" అని పక్కకు జరగకండి. అడగండి, సంతకం పెట్టే ముందు చదవండి, మీ పేరున ఉన్న ప్రతి కాగితం మీ చేతిలో ఉంచుకోండి.

గల్ఫ్ దేశాల నుంచి డబ్బు వచ్చే ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి అన్నదమ్ములు వెళ్లారు. కోనసీమ నుంచి అక్కచెల్లెళ్లు వెళ్లారు. అక్కడి ఎండలో కరిగిన చెమట ఇక్కడ రూపాయిగా దిగుతోంది. అందుకునే ఇల్లు ఆ రూపాయికి లెక్క చెప్పాలి. తిరిగి వచ్చే రోజుకు ఆ మనిషికంటూ కొంత మిగిల్చి ఉంచాలి. వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల రక్షణ ఇస్తుంది. అది లేకుండా ఎవరినీ విమానం ఎక్కనివ్వకండి.

రెండోది పొదుపు. సంఘంలో ముందు పొదుపు కడతారు, తర్వాతే మాట్లాడతారు. మన ఇంట్లోనూ ముందు పొదుపు తీయాలి, తర్వాతే ఖర్చు మొదలు కావాలి. నెలాఖరున మిగిలితే దాస్తామన్నవారికి ఏ నెలా మిగలదు.

మన ఊళ్లలో వడ్డీని రూపాయల్లో చెబుతాం. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి పన్నెండు. ఆ భాషలోనే ఒక లెక్క చూడండి. ఒక అమ్మాయి 25 ఏళ్లకు ఉద్యోగంలో చేరింది. నెలకు 3,000 రూపాయలు పెట్టుబడి పెట్టింది. ఏడాదికి సగటున 10 శాతం పెరిగిందనుకుందాం. రూపాయి వడ్డీకి తక్కువే. ఇది ఎవరూ ఇచ్చే హామీ కాదు, లెక్క కోసం అనుకున్న అంకె. 60 ఏళ్లకు ఆమె కట్టింది 12 లక్షల 60 వేలు, చేతికి వచ్చేది కోటీ 13 లక్షలకు పైనే. ఆమె అన్న అదే 3,000 పదేళ్లు ఆలస్యంగా, 35 ఏళ్లకు మొదలుపెట్టాడు. అతడు కట్టింది 9 లక్షలు, వచ్చేది దాదాపు 40 లక్షలు. కట్టిన దాంట్లో తేడా 3 లక్షల 60 వేలు. చేతికి వచ్చిన దాంట్లో తేడా 70 లక్షల పైమాట. ఆ పదేళ్లూ చక్రవడ్డీ చెల్లెలి పక్షాన పనిచేసింది.

ఇక రెండో వైపు చూడండి. మూడు రూపాయల వడ్డీకి లక్ష అప్పు తెస్తే నెలకు వడ్డీ ఎంత? అదే 3,000. అసలు అలాగే ఉంటుంది. క్రెడిట్ కార్డు బాకీ వాయిదా వేస్తే పడే వడ్డీ కూడా ఇంచుమించు ఇదే. ఒకే 3,000 రూపాయలు. ఒక ఇంట్లో ముసలితనానికి ఊతకర్ర అవుతోంది. ఇంకొక ఇంట్లో మెడకు ఉరితాడు అవుతోంది.

ఎక్కడ దాచాలి? అవసరాన్ని బట్టి దాచాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతికి అందే దూరంలో బ్యాంకులో ఉంచండి. ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఏడాదికి 250 రూపాయలతోనూ అది సాగుతుంది. పీపీఎఫ్ ఖాతా 15 ఏళ్ల వ్రతం. కోర్టు డిక్రీ తెచ్చిన అప్పులవాడు కూడా దాన్ని జప్తు చేయలేడు. పింఛను లేని ఉద్యోగానికి జాతీయ పింఛను పథకం ఎన్‌పీఎస్ ఉంది. పది, పదిహేనేళ్లు తాకనక్కర్లేని సొమ్ములో కొంత, నెలనెలా కట్టే మ్యూచువల్ ఫండ్ సిప్‌లో పెట్టండి.

కానీ షేర్ల మార్కెట్‌తో పాటు ఎగిసిపడే ఆ సొమ్ముకు ఓర్పు కావాలి. 2008 జనవరిలో 21,000 తాకిన షేర్ల సూచీ సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబరులో 8,000 దిగువకు జారింది. 2010 నవంబరులో మళ్లీ 21,000 చేరింది. 2020 మార్చి 23న ఒక్క రోజులో 3,900 పాయింట్లకు పైగా పడి 26,000 దిగువకు వచ్చింది. ఏడాది తిరక్కుండానే 50,000 తాకింది. భయపడి అమ్మినవారు నష్టాన్ని ఖాయం చేసుకున్నారు. వచ్చే ఏడాది పిల్ల పెళ్లికి కావలసిన డబ్బు ఆ గాలిలో పెట్టినవారు అమ్మక తప్పలేదు. నారు పోసిన మర్నాడు కోత కోసే రైతు లేడు. విత్తనాల గింజలు వండుకు తినే రైతూ లేడు. ఆ రెండూ మనం గుర్తుంచుకోవాలి.

మూడోది విచారణ. సంఘంలో అప్పు అడిగితే చుట్టూ కూర్చున్నవాళ్లు మూడు ప్రశ్నలు వేస్తారు. ఎవరికి? దేనికి? ఎలా తిరిగి వస్తుంది? అడిగింది సొంత ఆడపడుచైనా సరే, జవాబు లేకుండా డబ్బు కదలదు. మనం డబ్బు పెట్టే ప్రతి చోటా ఈ మూడు ప్రశ్నలూ వేయాలి. అగ్రిగోల్డ్ కంపెనీకి డిపాజిట్లు కట్టిన లక్షల మంది డబ్బు ఇరుక్కుంది. వాళ్లలో కూలీలు ఉన్నారు, చిన్న రైతులు ఉన్నారు, పింఛను డబ్బు పెట్టిన పెద్దవాళ్లు ఉన్నారు. ఏజెంటు మన ఊరివాడే, మన బంధువే. అందుకే ఎవరూ అడగలేదు. నమ్మకం మంచిదే. కాగితం లేని నమ్మకం ప్రమాదం. చీటీ వేస్తే రిజిస్టరైన చీటీయే వేయండి. ప్లాటు కొంటే లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూశాకే బయానా ఇవ్వండి. రెరా నమోదు లేని ప్రీలాంచ్ మాటలకు దూరంగా ఉండండి.

తమ్ముళ్లారా, ఫోనులో ఆప్షన్లు ఆడుతున్న మీకు ఒక మాట. 2024లో షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఒక అధ్యయనం బయట పెట్టింది. అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్లు పోగొట్టుకున్న సొమ్ము 1.8 లక్షల కోట్ల రూపాయల పైన. ఆ ఆటను పెట్టుబడి అని పిలవకండి. మీరు అందులో పెట్టే సొమ్ము కోసం మీ అమ్మ ఎన్నేళ్లు కుట్టుమిషను తొక్కిందో తలచుకోండి. ఫోను కింద పెట్టండి. ఆన్‌లైన్‌లో మోసపోయిన మనిషి కనిపిస్తే మాత్రం నిందించకండి. వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయించండి. మొదటి గంటల్లో చెబితేనే డబ్బు ఆగే ఆశ ఉంటుంది. సిగ్గుతో దాచుకుంటే ఆ మోసగాడు రేపు మన పక్కింటి తలుపు తడతాడు.

నాలుగోది తీర్చడం. ఎక్కువ వడ్డీ అప్పును ముందు తీర్చండి. నలుగురూ ఏమనుకుంటారో అని పెళ్లికి అప్పు చేయకండి. ఆ నలుగురూ భోజనం చేసి వెళ్లిపోతారు, వడ్డీ మనతోనే ఉండిపోతుంది. ఈ మాట ఒక్క ఇల్లు అంటే పిసినారితనం అంటారు. ఊరంతా అంటే అదే ఆచారం అవుతుంది. అందుకే పెద్దలు ముందుకు రావాలి. ఉన్నవారు ముందుగా తగ్గించాలి.

మన తర్వాత మన అప్పు మిగలకూడదు. ఇంటి రుణం తీసుకున్న ప్రతివారూ దానికి సరిపడా టర్మ్ బీమా తీసుకోవాలి. సంపాదించే చేయి ఆగినా పొయ్యి ఆరకూడదు. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ఉండాలి. అంత శక్తి లేనివారికీ దారి ఉంది. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలతో సురక్ష బీమా. రెండూ కలిపి 456 రూపాయలు. మొదటిదానిలో 50 ఏళ్ల లోపు చేరాలి. ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. రెండోదానిలో 70 ఏళ్ల వరకు ఉండవచ్చు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు వస్తాయి. మన ఇంట్లో గిన్నెలు తోమే అక్కకు ఇవి ఉన్నాయా? మన పిల్లల్ని బడికి చేర్చే ఆటో అన్నకు ఉన్నాయా? అడగండి. వెంట ఉండి బ్యాంకులో ఫారం నింపించండి. మొదటి ఏడాది ప్రీమియం మీరే కట్టండి. నలభై ఏళ్ల లోపువారైతే అటల్ పెన్షన్ గురించీ చెప్పండి. మన గడప లోపల పనిచేసే మనిషి ముసలితనం కూడా మన బాధ్యతే.

ఐదోది పుస్తకం. సంఘంలో అన్నిటికంటే భద్రంగా చూసేది తీర్మానాల పుస్తకాన్ని. మన ఇంటికీ ఒక పుస్తకం కావాలి. ఖాతాలు, బీమాలు, డిపాజిట్లు, భూమి పత్రాలు, ఇచ్చిన అప్పులు, తెచ్చిన అప్పులు, తాకట్టు రసీదులు అన్నీ వరుసగా అందులో రాయండి. ఏ కాగితం ఏ అరలో ఉందో రాయండి. పాస్‌వర్డులు, పిన్ నంబర్లు అందులో రాయకండి. ప్రతి ఖాతాకూ నామినీ ఎవరో చూడండి. పోయినవారి పేరు ఉంటే మార్చండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. సొమ్ము అందుకునేది నామినీ అయినా, హక్కు వారసులదే కావచ్చు. కాబట్టి వీలునామా రాయండి. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం చాలు. మీ సంతకం, మీ ఎదుట ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. వీలునామా అనగానే అశుభం అనుకోకండి. అన్నదమ్ములు కోర్టు మెట్ల మీద ఎదురుపడటం కంటే అశుభం ఏముంది? మీ పెద్దల పేరున మరిచిపోయిన డిపాజిట్లు ఉన్నాయేమో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో వెతకండి. అవి వాళ్ల చెమట. తెచ్చుకోవడం మన విధి.

ఇవే ఐదు సూత్రాలు. కూర్చుందాం, దాద్దాం, విచారిద్దాం, తీరుద్దాం, రాద్దాం. ఒక ఇల్లు చేస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. వీధి చేస్తే వడ్డీ వ్యాపారి వీధి మారతాడు. ఊరు చేస్తే మోసగాడు ఆ ఊరి పొలిమేర తొక్కడు.

ఉపాధ్యాయులారా, పిల్లలకు చక్రవడ్డీ లెక్క చెప్పేటప్పుడు ఈ అన్నాచెల్లెళ్ల లెక్క చెప్పండి. బ్యాంకు ఉద్యోగులారా, వారానికి ఒక సాయంత్రం మీ ఊరికి ఇవ్వండి. గుడి, చర్చి, మసీదు పెద్దలారా, పండుగ నాడు మీ మాట పదిమందీ వింటారు. ఆ మాటల్లో ఈ మాటా కలపండి. పొదుపు సంఘాల తల్లులారా, మాకు దారి చూపింది మీరే. మీ పుస్తకం రాసే చేతితో మా చేత కూడా రాయించండి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. దీపం ఉంది. చేతుల్లో సత్తువ ఉంది. నెలనెలా జీతం వస్తోంది. అమ్మానాన్న కళ్లెదుట ఉన్నారు. ఇంకేం కావాలి?

వచ్చే ఉగాది దాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారమే మొదలుపెడదాం. కొత్త నోటు పుస్తకం తెచ్చి, నాలుగు మూలలా పసుపు రాయండి. మొదటి పేజీలో ఇంటి ఆదాయం రాయండి, దాని పక్కన వ్యయం రాయండి. రెండో పేజీలో ఎక్కడ ఏముందో రాయండి. ఇంటి ఇల్లాలిని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవండి. చదివి, ఆ పుస్తకం ఆమె చేతిలో పెట్టండి.

మా పెద్దమ్మకు ఆ ఒక్క మాట చెప్పే మనిషి లేకపోయాడు. మన ఇళ్లలో ఆ మాట చెప్పవలసినవాళ్లం ఇంకా ఉన్నాం. చెబుదాం. డబ్బు ఇంట్లోనే ఉండగా ఏ తల్లి గాజులూ తాకట్టుకు వెళ్లకూడదు.